కుమమోటోకు మిషనరీలుగా వెళ్తున్న కడప దంపతులం: జపాన్‌లో రోజువారీ బతుకు, చూడవలసిన ఊళ్ళు తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న: కడప దంపతులు

అందరికీ వందనాలు. మాది కడప. నేను సంఘ కాపరిని, నా భార్య నర్సు. వచ్చే ఏప్రిల్‌లో జపాన్‌లోని క్యూషూ దీవికి, కుమమోటో నగరం పక్కనున్న ఒక చిన్న సంఘానికి మమ్మల్ని పంపాలని మా పెద్దలు తీర్మానించారు. మొదట భాష నేర్చుకోవాలి, ఆ తర్వాత అక్కడి వృద్ధ కాపరికి చేదోడుగా ఉండాలి అన్నది ఏర్పాటు.

మా జిల్లాకు లండన్ మిషన్ వారు 1822లోనే వచ్చారు. మా అమ్మ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పుట్టింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఓడలెక్కి వచ్చి, కడప ఎండకు తట్టుకుని, తెలుగు నేర్చుకుని మన మధ్య బతికిన సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం కనుక, ఆ వంతు ఇప్పుడు మాకు వచ్చిందన్న సంతోషం మాకు నిజంగా ఉంది. అయితే వారి జీవిత చరిత్రల్లో ప్రసంగాలూ బాప్తిస్మాలూ కనబడతాయి గాని, పొద్దున లేచి ఏం వండుకున్నారో, పక్కింటివాళ్ళతో ఎలా మెలిగారో, జబ్బు చేస్తే ఎక్కడికి పోయారో అంతగా కనబడదు. మాకు కావలసింది ఆ సంగతులే.

అక్కడ ఒక మామూలు రోజు ఎలా గడుస్తుంది? ఇక్కడ మేము వీధి కూడికలు జరుపుతాం, మైకు పెట్టి పాడుకుంటాం, ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేస్తాం. అక్కడ ఇందులో ఏది కుదురుతుంది, ఏది కుదరదు? భూకంపాలను తలచుకుని మా అమ్మకు నిద్ర పట్టడం లేదు, ఆమెకు ఏమని చెప్పాలి? తిండి, ఇల్లు, ఖర్చుల విషయంలో ముందే తెలుసుకుని వెళ్ళవలసినవి ఏమిటి?

ఇంకొక మాట అడగడానికి కొంత సంకోచంగా ఉంది. సంఘాలు కానుకలు పోగు చేసి పంపుతుంటే మనం ఊళ్ళు చూస్తూ తిరగడం న్యాయమేనా అని నా భార్య అడుగుతోంది. నాగసాకి గురించి చదివినప్పటి నుంచి నాకు మాత్రం అక్కడికి వెళ్ళాలని బలంగా ఉంది. అక్కడ నివసించినవారు, చరిత్ర తెలిసినవారు తీరిక చేసుకుని రాస్తే మాకు ఎంతో మేలు.

జవాబు: ప్రొద్దుటూరు అమ్మగారు

అయ్యగారికీ, చెల్లెమ్మకూ వందనాలు. మావారూ నేనూ కుమమోటో ప్రాంతంలోనే చాలా కాలం సంఘ పనిలో ఉండి, మా అత్తగారికి ఆరోగ్యం బాగాలేక తిరిగి వచ్చి ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నాం. మీ ఉత్తరం చదవగానే ఆ ఊరి వీధులు కళ్ళ ముందు తిరిగాయి. ఓపికగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందుగా పని సంగతి. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒక్కరు. ఆదివారం ఆరాధనకు ముప్పై మంది వస్తే అది నిలదొక్కుకున్న సంఘం కిందే లెక్క, అందులో సగం మంది డెబ్బై దాటినవాళ్ళు. వీధి కూడికలు, మైకు అన్నవి పూర్తిగా మరచిపోండి. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, గోడలు పలుచన. రాత్రి పూట గట్టిగా పాడితే పక్కింటివారు మీ ముఖాన ఏమీ అనరు, వెళ్ళి ఇంటి యజమానికి చెబుతారు. ఇల్లిల్లూ తిరగడమూ అంత సులువు కాదు. 1995 మార్చిలో ఓమ్ షిన్రిక్యో అనే మత ముఠా టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలి మనుషులను చంపింది. గుమ్మంలో నిలబడి మతం పేరెత్తిన కొత్తవారిని చూసి జనం బెదరడానికి అదొక పెద్ద కారణం. కరపత్రాలు వేయవద్దని చాలా ఇళ్ళ తపాలా పెట్టెల మీద రాసి ఉంటుంది. ఆ మాటను తప్పక గౌరవించండి.

మరి పని ఎలా జరుగుతుంది అంటే, పక్కింటివారిగా బతకడం వల్లనే జరుగుతుంది. మీకు నేను చెప్పగలిగిన అసలు మాట ఇదొక్కటే, మిగిలినదంతా దీని వివరమే. ఇంట్లో దిగిన రోజునే కుడి ఎడమల ఇళ్ళకూ, ఎదురింటికీ, అపార్ట్‌మెంట్ అయితే పైన కింద ఉన్నవారికీ ఒక చిన్న తువ్వాలో బిస్కట్ల పొట్లమో తీసుకుని వెళ్ళి, పేరు చెప్పుకుని, వంగి నమస్కరించి రండి. వీధివారి సంఘం ఉంటుంది, చోనైకై అంటారు, అందులో చేరండి. దాని సమాచారాన్ని ఒక అట్టకు తగిలించి ఇంటింటికీ తిప్పుతారు. చూసి, ముద్ర వేసి, తరువాతి ఇంటికి అందించాలి. మొదట్లో అందులో ఒక్క అక్షరం తెలియకపోయినా ఫరవాలేదు, ఆ అట్టను మాత్రం గుమ్మం దగ్గర వదిలి రాకుండా చేతికి ఇవ్వండి. మా పక్కింటి పెద్దావిడ ఆ అట్ట అందుకునే నెపంతోనే నన్ను లోపలికి పిలవడం మొదలుపెట్టింది. ముందు టీ, తరువాత ఆమె పెరట్లోని ముల్లంగి, చాలా కాలానికి తన భర్త పోయిన సంగతి, అటు పిమ్మట క్రిస్మస్ ఆరాధన. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టునూ తొందరపెట్టి ఎక్కించలేం.

చెత్త గురించి రాస్తే చిన్న విషయం అనుకోవద్దు. పరాయి దేశం నుంచి వచ్చిన కాపురాన్ని వీధి అంతా కొలిచేది అక్కడే. కాలే చెత్త ఒక రోజు, ప్లాస్టిక్ ఒక రోజు, సీసాలూ డబ్బాలూ ఒక రోజు, కాగితం ఒక రోజు. ఏ రోజుది ఆ రోజు పొద్దున్నే, నగరపాలక సంస్థ చెప్పిన సంచిలోనే, చెప్పిన చోటనే పెట్టాలి. పాల అట్టడబ్బాను కడిగి, కత్తిరించి, చదునుగా విప్పి, ఆరబెట్టి, కట్ట కట్టి పెడతారు. నీళ్ళ సీసాకు మూత తీసి, చుట్టూ ఉన్న కాగితం చించి, కడిగి, తొక్కి పెడతారు. కాకులు చింపకుండా సంచుల మీద వల కప్పుతారు. బండి వచ్చి పోయాక ఆ వల మడిచి, నేల ఊడ్చే పని ఇళ్ళవారీగా వంతు తిరుగుతుంది. మా వంతు వచ్చినప్పుడు మావారు చీపురు పట్టుకుని నిలబడితే, అంతవరకు తల మాత్రమే ఊపి పోయిన మగవాళ్ళు ఆగి పలకరించారు. ప్రసంగ వేదిక మీది నుంచి దొరకని పరిచయం అలా దొరికింది.

పొద్దున ఆరున్నరకు రేడియోలో వ్యాయామ సంగీతం వస్తుంది, 1928లో మొదలైన కార్యక్రమం అది. దగ్గరలోని పార్కులో ముసలివాళ్ళు చేరి ఆ సంగీతానికి చేతులు కాళ్ళు ఆడిస్తారు. మీరిద్దరూ అక్కడికి వెళ్ళండి. భాష రాకపోయినా కలిసి చేయగలిగిన పని అది. ఆపైన భాషా పాఠశాల, మధ్యాహ్నం పాఠం దిద్దుకోవడం, సాయంత్రం సంఘంలో ఎవరినో ఒకరిని పరామర్శించడం, బుధవారం ప్రార్థన కూడిక. వారం రోజులు ఇట్లాగే పోతాయి. చెల్లెమ్మ నర్సు అన్నారు. అక్కడ నర్సుగా పని చేయాలంటే జపనీస్‌లో జాతీయ పరీక్ష రాయాలి కనుక వెంటనే ఆ పని దొరకదు. అయినా వృద్ధులతో నిండిన సంఘంలో బీపీ చూడగలిగిన, ఆసుపత్రికి తోడు వెళ్ళగలిగిన మనిషి ఎంత విలువైనదో వెళ్ళాక తెలుస్తుంది. వంట నేర్పండి. మన పప్పు, వంకాయ కూర నేర్పిస్తానని వాడలోని సామాజిక భవనంలో చెబితే, చర్చి గడప తొక్కని ఆడవాళ్ళు కూడా వచ్చేవారు.

ఆదివారం ఆరాధన పదిన్నర అంటే పదిన్నరకే. చాలా చర్చిల్లో వాకిట్లో చెప్పులు విడిచి లోపలి చెప్పులు వేసుకోవాలి. పాట సంఖ్య, వాక్యభాగం, ప్రకటనలు, ఆ వారం ఎవరు పూలు పెట్టారు, ఎవరు ఆర్గాన్ వాయించారు అన్నది అచ్చు వేసిన కాగితంలో ఉంటుంది, ఆ వరుస దాటి ఏమీ జరగదు. మన దగ్గర అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థించే అలవాటున్న మీకు మొదట ఆ నిశ్శబ్దం బరువుగా ఉంటుంది, ఆత్మ లేదేమో అనిపిస్తుంది. అలా తీర్పు చెప్పకండి. ఆ నిశ్శబ్దంలోనే ఏళ్ళ తరబడి కన్నీళ్ళతో మొరపెట్టుకున్నవాళ్ళను నేను ఎరుగుదును. ఆరాధన అయ్యాక అందరూ కలిసి అన్నం తింటారు, ఎక్కువగా కూర కలిపిన అన్నమో నూడుల్సో ఉంటుంది. ఆ తర్వాత గిన్నెలు కడిగే చోటనే అసలు మాటలు నడుస్తాయి.

ఒకరు బాప్తిస్మానికి సిద్ధపడటానికి ఎందుకు ఇన్నేళ్ళు పడుతుందని మీ పంపే సంఘాలవారు అడుగుతారు. దానికి జవాబు సమాధిలో ఉంది. అక్కడ సమాధి ఇంటి పేరుకు చెందుతుంది, ఇంట్లో పూర్వికుల పేర్లతో బుత్సుదాన్ అనే బౌద్ధ పీఠం ఉంటుంది. నేను క్రైస్తవురాలినైతే అత్తమామల పీఠాన్ని ఎవరు చూస్తారు, చచ్చిపోతే మా ఆయన పక్కన నన్ను పెడతారా అన్నది అక్కడి ఇల్లాలికి నిజమైన బాధ. వేదాంతం చెప్పి తీర్చేది కాదు. అందుకే చాలా సంఘాలు తమ సభ్యుల అస్థికల కోసం ఉమ్మడి సమాధి కట్టుకున్నాయి. నవంబరు మొదటి ఆదివారం మృతులను జ్ఞాపకం చేసుకునే ఆరాధన జరిపి, నమ్మని బంధువులను కూడా పిలుస్తాయి. మీ పనిలో ఆ ఆదివారం క్రిస్మస్ అంత ముఖ్యమైనది.

అమ్మగారికి భూకంపం గురించి ఇలా చెప్పండి. 2016 ఏప్రిల్ 14న, 16న కుమమోటోలో రెండు పెద్ద భూకంపాలు వచ్చాయి, రెండవది మొదటిదానికంటే పెద్దది. కనుక మొదటిది ఆగింది కదా అని వెంటనే దెబ్బతిన్న ఇంట్లో పడుకోకూడదు. 1981లో అక్కడ కట్టడాల నియమాలు కఠినం చేశారు. ఆ తరువాత కట్టిన ఇల్లే అద్దెకు తీసుకోండి. బీరువాను గోడకు బిగించండి, మంచం మీద పడే ఎత్తులో ఏమీ పెట్టకండి, మూడు రోజులకు సరిపడే నీళ్ళూ తిండీ టార్చీ ఒక సంచిలో ఉంచండి, మీ వీధికి ఏ బడి ఆశ్రయమో మొదటి వారంలోనే నడిచి వెళ్ళి చూసుకోండి. తీవ్రమైన కంపనం రాబోతుంటే చాలాసార్లు ఫోను ముందుగా మోగుతుంది, అది కొన్ని క్షణాల వ్యవధే అయినా బల్ల కిందికి దూరడానికి పనికొస్తుంది.

చలికి మాత్రం ముందే సిద్ధపడండి. బయటి చలికంటే ఇంట్లోని చలి బాధిస్తుంది, ఎందుకంటే ఉన్న గదిని మాత్రమే వెచ్చ చేసుకుంటారు, వంటగదీ స్నానాల గదీ మంచులా ఉంటాయి.

ఊళ్ళు చూడటం న్యాయమేనా అన్న చెల్లెమ్మ ప్రశ్న నాకు నచ్చింది. నా జవాబు, న్యాయమే. ముందుగా అమకుస దీవుల్లోని సకిత్సు గ్రామానికి వెళ్ళండి. అది కుమమోటో జిల్లాలోనే ఉంది, బస్సులో పోవచ్చు. చేపల పడవల రేవు పక్కన 1934లో కట్టిన గోథిక్ చర్చి, లోపల బెంచీలకు బదులు తతామి చాపలు. క్రైస్తవాన్ని నిషేధించిన కాలంలో ప్రజల చేత క్రీస్తు, మరియల బొమ్మలను కాళ్ళతో తొక్కించిన గ్రామపెద్ద ఇంటి స్థలంలోనే ఆ చర్చి బలిపీఠం నిలబెట్టారు. దాక్కుని నమ్మిన ఆ జాలరి కుటుంబాలు ఆల్చిప్ప లోపలి మెరుపు గీతల్లో మరియ తల్లిని చూసుకుని ప్రార్థించాయి. చాపల మీద కూర్చుని కాసేపు ఉండండి. కుమమోటో నగరంలోనే హన్నా రిడెల్ జ్ఞాపక మందిరం ఉంది. ఆమె ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ, గుడి వాకిట్లో పడి ఉన్న కుష్ఠు రోగులను చూసి 1895లో వారికి ఆసుపత్రి కట్టింది. జమ్మలమడుగు ఆసుపత్రి కథ వింటూ పెరిగినవారికి ఆమె పరాయిదిగా అనిపించదు.

జవాబు: నగోయాలో అనంతపురంవాడు

అన్నకూ వదినకూ నమస్కారం. అమ్మగారు రాసిన తరువాత బతుకు గురించి నేను చేర్చేది తక్కువ. కాగితాలూ సామానూ గురించి రాస్తాను.

మీకు ఇచ్చేది మత కార్యకలాపాల నివాస హోదా. విదేశీ మత సంస్థ పంపినవారికి ఇస్తారు. ఐదేళ్ళు, మూడేళ్ళు, ఏడాది, మూడు నెలలు అని నాలుగు రకాల గడువులున్నాయి. వదినను కూడా మిషనరీగానే పంపుతున్నట్టు కాగితాలు ఉంటే ఆమెకూ అదే హోదా అడగవచ్చు. కుటుంబ సభ్యురాలిగా వస్తే ఆమె విడిగా అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకే జీతానికి పని చేయవచ్చు. రెంటిలో ఏది మేలో దరఖాస్తు పెట్టకముందే పెద్దలతో తేల్చుకోండి. ఇంట్లో దిగిన 14 రోజుల లోపల నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి, అక్కడే ఆరోగ్య బీమాలో చేరుతారు. డాక్టరు దగ్గరికి పోతే ఖర్చులో నూటికి 30 మీరు కడతారు, మిగిలింది బీమా కడుతుంది. బీమా చందా కిందటి ఏడాది జపాన్‌లో వచ్చిన ఆదాయాన్ని బట్టి లెక్క వేస్తారు కనుక మొదటి ఏడాది తక్కువగా ఉంటుంది, రెండో ఏడాది పెరిగితే కంగారు పడవద్దు.

ఇంటి అద్దెతో పాటు అడ్వాన్సు, కొన్ని చోట్ల తిరిగిరాని కానుక సొమ్ము, హామీ సంస్థకు రుసుము, దళారీకి రుసుము ఉంటాయి. చేరిన నెలలో నాలుగైదు నెలల అద్దెంత సొమ్ము చేతిలో ఉండాలి. చర్చికి ఆనుకుని కాపరి ఇల్లు ఇస్తారేమో ఇప్పుడే అడగండి.

మిక్సీ తెచ్చుకోవద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ 230కి తయారైంది, తిరగదు. వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కుంటే నడుస్తుంది గాని అది బరువు, ఖరీదు. కుక్కరు, దోసె పెనం, రోటి పచ్చడి ఇష్టమైతే చిన్న రాతి రోలు తెచ్చుకోండి. కందిపప్పు, చింతపండు, ఎండు మిరపకాయలు, రాగిపిండి ఆన్‌లైన్‌లో భారతీయ దుకాణాలవాళ్ళు ఇంటికి పంపుతారు, సంగటికి లోటుండదు. చెనక్కాయల పొడి, ఆవకాయ గట్టిగా మూత బిగించి తెచ్చుకోవచ్చు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం ఎంత ప్రేమతో ఇచ్చినా పెట్టెలో పెట్టుకోవద్దు. మాంసం కలిసిన ఏ పదార్థమైనా తనిఖీ పత్రం లేకుండా తేవడం నేరం. పచ్చి ఆకులు, విత్తనాలు, పండ్లకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కొన్నిటిని అది ఉన్నా తేనివ్వరు. మందులు ఒక నెలకు మించి తెస్తే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. బీపీ, షుగరు మందులు వాడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

డ్రైవింగుకు మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ దిగిన నాటి నుంచి ఏడాది వరకు చెల్లుతుంది. బండ్లు మనలాగే ఎడమ వైపే పోతాయి. ఏడాది తరువాత అక్కడి లైసెన్సుకు మార్చుకోవాలి, దానికి పరీక్ష ఉంటుంది.

ఊళ్ళు తిరగడం విషయంలో అమ్మగారితో నాది కొంచెం భిన్నాభిప్రాయం, పెద్దవారు మన్నించాలి. మొదటి ఏడాది ఎక్కడికీ పోకుండా భాష మీదే కూర్చోండి అంటాను. భాష రాకుండా చూసిన ఊరు పోస్టు కార్డు చూసినట్టే ఉంటుంది. ఇంకొకటి, పర్యాటకులకు అమ్మే జె.ఆర్. రైలు పాస్ మీకు వర్తించదు, అది తాత్కాలిక సందర్శకుల హోదాతో వచ్చినవారికే. మీలాంటివారికి సీషున్ 18 టికెట్ మేలు. బడి సెలవుల కాలంలో అమ్ముతారు, ఏ వయసువారైనా కొనవచ్చు, వరుసగా మూడు రోజులు లేదా ఐదు రోజులు మామూలు రైళ్ళలో దేశమంతా తిరగవచ్చు. బుల్లెట్ రైలు ఎక్కనివ్వరు, అయినా ప్రతి చిన్న స్టేషనూ కనబడుతుంది. బడిపిల్లలూ ముసలివాళ్ళూ ఎక్కి దిగే ఆ రైళ్ళలోనే నేను జపాన్‌ను చూశాననుకుంటాను.

జవాబు: కర్నూలు విశ్రాంత అధ్యాపకుడు

నాయనా, అమ్మా, మీ ప్రయాణానికి శుభాకాంక్షలు. నేను మీ మతస్థుణ్ణి కాను, కర్నూలు కోల్స్ పాఠశాలలో చదివి, చరిత్ర బోధిస్తూ జీవితం గడిపినవాణ్ణి. జపాన్‌కు మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నాగసాకి చూశాను. ఆ ఊరు గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

కుమమోటో రేవు నుంచి షిమబారకు ఓడ ఉంది, వేగంగా పోయేది అరగంటలో చేరుస్తుంది. ఆ దారినే వెళ్ళండి. షిమబార ద్వీపకల్పం దక్షిణపు కొసన హర కోట శిథిలాలున్నాయి. పన్నుల భారం, కరవు, మత హింస కలిసి 1637లో అక్కడి రైతులు తిరగబడ్డారు. అమకుస నుంచి వచ్చినవారూ వారితో కలిశారు. 1638లో కోట పడిపోయినప్పుడు లోపలున్నవారిని దాదాపు అందరినీ చంపేశారు. ఇప్పుడక్కడ సముద్రం ఒడ్డున గడ్డి, కొన్ని రాళ్ళు, పొలాలు తప్ప ఏమీ లేవు. చూడటానికి ఏముందని చాలామంది దాటిపోతారు. మీరు దాటిపోవద్దు.

నాగసాకిలో స్టేషనుకు దగ్గరగానే నిషిజక గుట్ట ఉంది. 1597 ఫిబ్రవరి 5న 26 మందిని అక్కడ శిలువ వేశారు. క్యోటోలో చెవి కోసి, ఊళ్ళ వెంట చూపిస్తూ, నడి చలికాలంలో అంత దూరం నడిపించి తెచ్చారు. వారిలో పన్నెండేళ్ళ పిల్లవాడున్నాడు. మన దేశంవాడు కూడా ఒకరున్నారు: ముంబయి పక్కనున్న వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా. వ్యాపారిగా జపాన్ వెళ్ళి, ఆ భాష బాగా నేర్చి, ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు దుబాసీ అయినవాడు. గుట్ట మీద 1962లో నిలబెట్టిన కంచు శిల్పాల వరుసలో ఆయన రూపమూ ఉంది. భారతదేశం నుంచి మొదటిసారి వెళ్తున్న మిషనరీలం మేమేనేమో అన్న భావన మీకేమైనా ఉంటే, ఆ వరుస ముందు నిలబడినప్పుడు మీకంటే నాలుగు శతాబ్దాల ముందు వెళ్ళినవాడు కనబడతాడు. డోర్నకల్ తొలి బిషప్ అజరయ్యగారు కూడా, 1912లో బిషప్ కావడానికి ముందే, 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల సమాఖ్య సభకు వెళ్ళి వచ్చారు.

నాగసాకిలోనే ఉన్న ఓఉర ప్రార్థనాలయం దగ్గర ఎక్కువ సేపు ఉండండి. 1614లో క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించారు, గురువులను వెళ్ళగొట్టారు, మిగిలినవారిని చంపారు. ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా అక్కడి విశ్వాసులకు గురువు లేడు, గుడి లేదు. పల్లెలో ఒకరు నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చేవారు, ఇంకొకరు పండుగల లెక్క గుర్తుంచుకునేవారు, ప్రార్థనలు నోటి నుంచి నోటికి వచ్చాయి. విదేశీయుల కోసం కట్టిన ఈ ఓఉర చర్చికి 1865 మార్చి 17న ఉరకామి పల్లె నుంచి కొందరు రైతులు వచ్చి, ఫ్రెంచి గురువు పెతిజాన్‌తో మా హృదయమూ మీ హృదయమూ ఒకటే అని నెమ్మదిగా చెప్పి, మరియ తల్లి విగ్రహం ఎక్కడుందని అడిగారు. చరిత్రకారుడిగా నన్ను కదిలించేది ఆ తరువాతి ఘట్టం. అలా బయటపడ్డందుకు ఉరకామివారిని మూడు వేల మందికి పైగా ఊళ్ళు వెళ్ళగొట్టారు. 1873లో నిషేధపు పలకలు తీసేసిన తరువాతే బతికినవారు తిరిగి వచ్చి, దమ్మిడీ దమ్మిడీ కూడబెట్టి పెద్ద చర్చి కట్టుకున్నారు. ఆ చర్చికి కూతవేటు దూరంలోనే 1945 ఆగస్టు 9న ఉదయం 11 గంటల 2 నిమిషాలకు అణుబాంబు పేలింది. ఇప్పుడున్నది 1959లో తిరిగి కట్టినది. నల్లబడిన పాత రాతి శిల్పాలు బయట అలాగే ఉంచారు. మిషనరీలు లేకుండా అన్ని తరాలు నిలిచిన సంఘం మిషనరీలకు నేర్పవలసింది చాలా ఉంది. మీ పని ఫలితాల లెక్కలు అడిగే పెద్దలకు ఈ కథ రాసి పంపండి.

అనంతపురం అబ్బాయి మాటకు నా జవాబు: భాష రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూడండి. రెండవసారి వెళ్ళినప్పుడు ఏం మారిందో తెలుస్తుంది. వీలు కుదిరితే నర నగరం కూడా చూడండి. అక్కడి తోదైజి ఆలయంలో మహాబుద్ధుడి విగ్రహానికి 752లో కన్నులు దిద్దినవాడు భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు.

మళ్ళీ అడుగుతున్నాం: కడప దంపతులు

పెద్దలందరికీ వందనాలు. మా అమ్మకు భూకంపం గురించి అమ్మగారు రాసినదంతా చదివి వినిపించాను. 1981 తరువాత కట్టిన ఇల్లే తీసుకోవాలని నాతో మాట తీసుకుంది. మాస్టారుగారు రాసిన ఉరకామి సంగతి చదివి నా భార్య చాలాసేపు మాట్లాడలేదు. నాగసాకికి వెళ్దామని తానే అన్నది. కాపరి ఇంటి గురించి అడిగాం, చర్చి వెనుక రెండు గదులు ఉన్నాయని, పాత కట్టడమని చెప్పారు.

ఇంకొక సందేహం. నర, క్యోటో వంటి చోట్ల చూడవలసినవన్నీ బౌద్ధాలయాలూ, జపాన్ సొంత మతమైన షింతో గుళ్ళూ. సంఘ కాపరి దంపతులు అక్కడికి వెళ్తే విశ్వాసులు ఏమనుకుంటారు? పక్కింటివారు కొత్త సంవత్సరానికి గుడికి రమ్మని పిలిస్తే ఎలా?

జవాబు: ప్రొద్దుటూరు అమ్మగారు

అయ్యగారూ, ముందు ఇంటి సంగతి. పాత కట్టడమంటే 1981కి ముందుదా తరువాతదా అని సూటిగా అడగండి. ముందుదైతే గట్టితనం పరీక్ష చేయించారా, 2016 తరువాత మరమ్మతు జరిగిందా అనీ అడగండి. అలా అడగడం వాళ్ళకు తప్పుగా తోచదు.

గుళ్ళ విషయంలో మేము పాటించినది చెబుతాను. కట్టడం చూడటానికీ, తోట చూడటానికీ వెళ్ళాం. టికెట్ కొని లోపలికి పోయాం, చెప్పులు విడిచాం, మౌనంగా నిలబడ్డాం. చప్పట్లు కొట్టి మొక్కడం, ధూపం వేయడం, జాతకం చీటీ తీయడం చేయలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. కొత్త సంవత్సరం విషయం సులువు. చాలా చర్చిల్లో జనవరి 1న ఆరాధన ఉంటుంది, ఆ వేళకు మీకు పని ఉందని చెప్పి, రెండో రోజో మూడో రోజో పండుగ పలహారాలకు వస్తామని చెప్పండి, తప్పక వెళ్ళండి.

కష్టమైనది అంత్యక్రియలు. పక్కింటి పెద్దాయన పోతే బౌద్ధ క్రమంలో జరుగుతుంది. మీరు వెళ్ళకపోతే ఆ వీధిలో మీకు ముఖం ఉండదు. వెళ్ళండి, నల్లబట్టలు వేసుకోండి, ఇవ్వవలసిన కవరు ఇవ్వండి. ధూపం దగ్గర కొందరు క్రైస్తవులు వేస్తారు, కొందరు వేయకుండా తల వంచి మనసులో ప్రార్థించి వస్తారు. మేము రెండోది చేశాం. మీ సంఘ కాపరి ఏది పాటిస్తారో ముందే అడిగి ఆయన మాటే పాటించండి, ఎందుకంటే మీరిద్దరూ ఒక్కటీ ఆయన ఒక్కటీ చేస్తే సంఘంలోని ముసలివాళ్ళు నలిగిపోతారు.

నాగసాకికి ఏప్రిల్ చివరా మే మొదటా వరుసగా వచ్చే సెలవుల్లో పోకండి, గదులు దొరకవు, దొరికినా రెట్టింపు ధర. మామూలుగా జూన్ మొదట్లోనే వానాకాలం మొదలవుతుంది. మే నెల రెండో సగం మంచిది. మీరు వెళ్ళేది కుమమోటోకు ఏ దిక్కునున్న పట్టణమో రాయండి. అక్కడి ఆడవాళ్ళ ప్రార్థన బృందంలో నాకు తెలిసినవారుంటే చెల్లెమ్మ వస్తోందని ఇప్పుడే వారికి ఉత్తరం రాస్తాను.